వద్దన్న ఇంజెక్షన్

ఎనభైల మధ్యలో మేం అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. అండాలు పెరగడానికి రోజూ సాయంత్రం తుంటికి హార్మోన్ ఇంజెక్షన్ వేయాలంది డాక్టరమ్మ. క్లినిక్‌లో నర్సు ఆయన చేత కమలాపండు మీద ప్రాక్టీస్ చేయించింది.

మొదట్లో "నొప్పిగా ఉందా?" అని అడిగేవాడు. రెండుసార్లు ఫలించకపోయేసరికి అడగడం మానేశాడు. గోడకి మేకు దింపినట్టు పొడిచేవాడు. కమిలిన మచ్చలు చూసి నర్సు అడిగితే, నా ఒళ్లే అంత అన్నాను.

మూడోసారి స్కాన్‌లో అండాశయాలు విపరీతంగా ఉబ్బి కనిపించాయి. "అండాల విడుదలకి వేసే చివరి ఇంజెక్షన్ ఈసారి వద్దు. వేస్తే ప్రాణం మీదకొస్తుంది" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. ఆయన ఫ్రిజ్ తెరిచి ఆ చివరి ఇంజెక్షన్ మందు బయటికి తీశాడు.

"వద్దన్నారండీ."

"ఇన్ని అండాలొచ్చాక వదిలేస్తామా? వంగు!"

నేను కదల్లేదు. జుట్టు పట్టుకుని కిచెన్ కౌంటర్ మీదకి వంచాడు. నుదురు అంచుకి కొట్టుకుని కంట్లోకి రక్తం కారింది. మోకాలితో నన్ను అదిమిపట్టి బట్టల మీంచే సూది గుచ్చాడు. మందు మంటలా లోపలికి దిగింది. చేతికి కుక్కర్ మూత తగిలింది. వెనక్కి చూడకుండానే కొట్టాను. మళ్లీ కొట్టాను. ఎముక పటుక్కుమన్న చప్పుడు. మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు.

మంచులో వట్టికాళ్లతో పక్కింటికి పరిగెత్తాను. ఆ ఇంటావిడది గుంటూరు. ఆసుపత్రిలో నర్సు. అప్పటిదాకా మా మధ్య పలకరింపులే.

"అక్కా, డాక్టర్ వద్దన్న ఇంజెక్షన్ వేసేశాడు!"

నన్ను లోపలికి లాగి పోలీసులకి ఫోన్ చేసింది. ఇంతలో అతను వచ్చి తలుపు తన్నడం మొదలుపెట్టాడు. తలుపుకున్న అద్దం భళ్లున పగిలింది. అక్క మంచు తీసే పార అందుకుంది.

"లోపల కాలు పెట్టావో, విరగ్గొడతా. తర్వాత కట్టు కూడా నేనే కడతా!"

అతను అక్కడే ఆగిపోయాడు. పోలీసులు వచ్చి పట్టుకెళ్లారు.

ఆసుపత్రిలో నా పొట్ట నీటితో కుండలా ఉబ్బింది. ఊపిరాడక కొట్టుకున్నాను. ఒక అండాశయం మెలితిరిగి చచ్చిపోయిందని కోసి తీసేశారు. అతను బెయిల్ మీద బయటికొచ్చి, చేతికి ప్లాస్టర్‌తో నా గదికి వచ్చాడు.

"మన బిడ్డ కోసమే కదా!" అని ఏడ్చాడు.

మంచం పక్కనున్న నీళ్ల జగ్గు విసిరాను. గురి తప్పింది. అదొక్కటే ఇప్పటికీ చింత.

ఊరినుంచి అమ్మ ఫోన్ చేసి సర్దుకుపొమ్మంది. నేను డైవోర్స్ తీసుకున్నాను. పిల్లలు కలగలేదు, మళ్లీ ప్రయత్నించనూ లేదు. అక్క వాళ్ల బేస్‌మెంట్‌లో ఉండగా ఆవిడే నాకు డ్రైవింగ్ నేర్పింది. మొదటిసారి హైవే ఎక్కినప్పుడు గొంతు చించుకుని అరిచాను. భయమో, కోపమో తెలియదు. అక్క ఆపమనలేదు. "అరుచుకో, కానీ రోడ్డు చూడు" అంది.