కోల్డ్ బాక్సు కింద చక్రాలు

పదవీ విరమణకు ముందు ఏడాది, మార్చి నెలలో నన్ను చిక్కడపల్లిలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రానికి ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. అశోక్‌నగర్‌లోని మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరమే కాబట్టి సంతోషించాను. మందుల గదితో పాటు టీకాల నిల్వ కూడా నా బాధ్యతే. టీకా తయారైన చోటి నుంచి బిడ్డ దాకా చల్లదనం తెగకుండా రావాలి. మధ్యలో ఎక్కడ వేడెక్కినా సీసా చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ టీకా పనిచేయదు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లం కాస్త అనుమానపు మనుషులమవుతాం. నేను కాస్త కాదు, బాగానే అయ్యాను.

ఆ వేసవిలో ప్రత్యేక టీకాల కార్యక్రమం పెట్టారు. సరిగ్గా అప్పుడే మా ఫ్రిజ్ మరమ్మతుకు వెళ్లింది. రోజూ పొద్దున స్టోరు వ్యాను టీకాలను కోల్డ్ బాక్సులో పెట్టి తెచ్చేది. మురుగు పైపుల కోసం మా గల్లీ తవ్వేశారు కాబట్టి పెట్టెను మెయిన్ రోడ్డు మీదే దించేవారు. కోల్డ్ బాక్సంటే మందపాటి గోడల పెట్టె. లోపల అంచుల వెంట ఐస్ ప్యాకులు పేర్చి మధ్యలో టీకాలు పెడతారు. నిండితే గ్యాస్ సిలిండర్ కన్నా బరువు. చెరో పక్కా పట్టుకుని ఇద్దరు మోయాలి.

ఆ ఇద్దరిలో ఒకరు మా ఏఎన్ఎం యాదమ్మ. కాంట్రాక్టు ఉద్యోగి. ముషీరాబాద్ వైపు బస్తీల్లో ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ తల్లి సూది పేరెత్తితే తలుపేసుకుంటుందో ఆమెకు తెలుసు. కొత్తగా వచ్చిన నన్ను ఆ గల్లీలన్నీ తిప్పి, అందరికీ పరిచయం చేసింది ఆమే. ఆ మేలు నేను మరిచిపోలేదు. కార్యక్రమం మొదలైన రెండో రోజే ఆమె నడుము పట్టేసింది. కేంద్రానికి పెద్ద అయిన మెడికల్ ఆఫీసరు గారు చెడ్డవారు కాదు గానీ పని ఆగితే ఊరుకోరు. శనివారం దాకా చూసి, బరువు మోయగల వేరే మనిషిని అడుగుతానన్నారు. కాంట్రాక్టు వాళ్లకు ఫీల్డు పని పోతే ఉద్యోగం పోయినట్టే.

మర్నాడు యాదమ్మ సంచిలో చక్రాలు, స్క్రూలు తెచ్చింది.

"మా ఇంట్ల ఎయిర్ కూలర్ గూడ గింతే బరువుంటది మేడం. నీళ్లు నిండా ఉన్నా వంటింట్లకెల్లి హాల్లకు ఒక్కదాన్నే నూకుత. దీనికి గూడ చక్రాలు కొడితే అయిపాయె" అంటూ ఖాళీ పెట్టెను బోర్లించింది.

నేను అరిచిన అరుపుకు ఓపీ వరుసలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. పెట్టె గోడల మధ్య ఫోమ్ ఉంటుంది. స్క్రూ దిగితే అందులో తేమ చేరుతుంది, ఇక చల్లదనం నిలవదు. పైగా అది ప్రభుత్వ ఆస్తి. అరవడం అయ్యాక ఆలోచన మాత్రం మంచిదేనని ఒప్పుకున్నాను. చక్రాలు పెట్టెకు కాదు, పెట్టె కూర్చునే స్టాండుకు ఉండాలి.

నారాయణగూడలో కూలర్ స్టాండ్లు చేసే వెల్డరు చేత మా కొలతలకు ఒకటి చేయించాం, పెట్టెను బెల్టులతో బిగించేలా. డాక్టరు గారు ఒకటే షరతు పెట్టారు. ముందు టీకాలు లేకుండా నడిపి చూపించాలి. ఐస్ ప్యాకుల మధ్య నీళ్ల సీసాలు, థర్మామీటరు పెట్టి గల్లీలోకి దిగాం. నున్నటి గచ్చు మీద తిరిగే చక్రాలవి. కంకరలో ఇరుక్కున్నాయి, స్టాండు పక్కకు ఒరిగింది. తెరిచి చూస్తే ప్యాకులన్నీ ఒక పక్కకు జారిపోయి, రెండో పక్క సీసాలు వెచ్చబడుతున్నాయి.

"నా నసీబే గింత మేడం" అని యాదమ్మ ఇసుక కుప్ప మీద కూలబడింది.

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. కోపమే బయటికి వచ్చింది. నడుము పట్టేస్తే పట్టేసింది, నోరు బాగానే ఉంది కదా, లేచి వెల్డరుతో మాట్లాడమన్నాను. నవ్వుతూ లేచింది. ఆ సాయంత్రమే పిల్లల సైకిలు చక్రాలు, రబ్బరు టైర్లతో సహా వేయించాం. పెట్టె లోపలి సందుల్లో అట్టముక్కలు కూరాం. ఈసారి ప్యాకు కదల్లేదు. థర్మామీటరు టీకాలకు హద్దయిన ఎనిమిది డిగ్రీలు దాటలేదు.

శనివారం పొద్దున డాక్టరు గారు చెప్పకుండా మెయిన్ రోడ్డుకు వచ్చారు. వ్యాను వాళ్లు పెట్టెను స్టాండు మీదికి దించారు. యాదమ్మ బెల్టులు బిగించి కంకర మీదుగా లాక్కుంటూ బయల్దేరింది. ఆయన పక్కనే నడిచారు. కేంద్రం గుమ్మం దగ్గర నడుమెలా ఉందని అడిగారు.

"నేను మోస్తలేను సార్, అదే నా ఎంబడి వస్తున్నది" అంది.

ఆయన పెట్టె తెరిచి థర్మామీటరు చూశారు. మూత వేసి, వచ్చే నెల నుంచి దోమలగూడ టీకా సెషన్లు కూడా యాదమ్మే చూస్తుందని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. పని డబుల్ చేసిండని ఆమె ఆ రోజంతా సణుగుతూనే ఉంది, కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. పంతానికి పోకుండా వచ్చి కళ్లారా చూసినందుకు ఆ డాక్టరు గారికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

బరువు మోయలేకపోతున్న మనిషిని మార్చే ముందు, మోసే పద్ధతిని మార్చి చూడాలి. మిగిలిన సర్వీసులో నేను ఈ వరుస తప్పలేదు.