తప్పిపోయిన పిల్లల పందిట్లో

తొంభైల నాటి మాట. కృష్ణ ఒడ్డున తిరునాళ్ళప్పుడు మా వీధి ఆడవాళ్ళం కొందరం తప్పిపోయిన పిల్లల పందిట్లో కూర్చునేవాళ్ళం. నా చదువు మూడో తరగతితో సరి. ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం మాత్రం బాగా వచ్చు, అందుకే పిలిచేవాళ్ళు.

ఆ మధ్యాహ్నం ఒక పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చింది. ఎర్ర ఓణీ, ఏపైన మనిషి, నా భుజం దాటింది.

"మా అమ్మ కనపడటం లేదండీ. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చాం."

దాని కళ్ళల్లో నీళ్ళు లేవు. వాడేమో గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. వాణ్ణి అందుకుని చేతిలో బిస్కెట్లు పెట్టాను.

"ఇంత పెద్దదానివి, అమ్మ చెయ్యి వదిలేస్తావా? వీణ్ణి నేను చూస్తాలే, నువ్వెళ్ళి వెతుక్కురా" అన్నాను.

పక్కావిడ నవ్వింది. "పెళ్ళి చేసుంటే ఈపాటికి వీడంత కొడుకుండేవాడు!"

ఆ పిల్ల బిస్కెట్ల వంక ఒకసారి చూసి, జనంలోకి వెళ్ళిపోయింది.

గంటకి తల్లి పరిగెత్తుకొచ్చింది. కొడుకుని హత్తుకుని, "అమ్మాయేదండీ?" అంది.

"మీకోసమే వెళ్ళిందమ్మా."

"ఒక్కదాన్నే పంపించారా? దానికి పదేళ్ళండీ! మొన్ననేగా ఓణీ వేసింది!"

మైకు దగ్గరికి పరిగెత్తి ఏం చెప్పించానో తెలుసా? "ఎర్ర ఓణీ వేసుకున్న అమ్మాయి" అని. పదేళ్ళ పిల్ల అన్న మాట అప్పటికీ నోటికి రాలేదు.

పొద్దువాలుతుండగా ఆ పిల్లని కానిస్టేబుల్ తీసుకొచ్చాడు. మీ అమ్మని చూపిస్తానని ఒకడు బస్సెక్కించబోతుంటే, గాజులమ్మే ముసలమ్మ కేకలేసిందట. వాడు పారిపోయాడు. పిల్ల జబ్బ మీద వాడి వేళ్ళ గుర్తులు.

"ఇంత పెద్దదానివి, ఎవడు పిలిస్తే వాడి వెంట వెళ్తావా?" అని గద్దించాడు కానిస్టేబుల్. అచ్చం నా మాటే.

"దానికి పదేళ్ళండీ. పంపింది నేను. తిడితే నన్ను తిట్టండి" అన్నాను.

"చూస్తే అలా లేదు కదమ్మా" అన్నాడు, తప్పు దాని ఒంటిదే అన్నట్టు.

తల్లి కూడా దాని వీపు మీద ఒక్కటేసింది. అప్పుడేడ్చింది పిల్ల, తమ్ముడికంటే గట్టిగా. నేను బిస్కెట్లు తెచ్చిస్తే పుచ్చుకోలేదు. "తమ్ముడికివ్వండి. నేను పెద్దదాన్ని" అంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పందిట్లో కూర్చున్నాను. ఎంత ఎత్తు పిల్లొచ్చినా కూర్చోబెట్టి, వయసడిగాకే మిగతా మాట. పక్కావిడ ఎకసెక్కాలాడేది.

"మీసాలొచ్చినవాళ్ళక్కూడా బిస్కెట్లు పెడతావేంటి వదినా?"

"పెడతాను" అనేదాన్ని. ఆ రోజు ఆ పిల్ల వాటి వంక చూసినప్పుడు పెట్టలేదుగా.