పాతది వైపు తిప్పిన గుండీ

బోధన్‌లో మా ముందు గదిలో ఒక ఇనుప స్టాండు ఉండేది. కింది అరలో ఆంప్లిఫయర్, పై అరలో సీడీ ప్లేయర్, గది రెండు మూలల్లో నడుమెత్తు స్పీకర్లు. మా ఆయన ఒక చక్కెర మిల్లులో, చెరుకు నలిగే గానుగల దగ్గర పనిచేసేవాడు. ఎనిమిది గంటలు ఆ మోతలో నిలబడి ఇంటికొచ్చి, స్నానం చేసి, స్టాండు ముందు కుర్చీ వేసుకునేవాడు. మిగతా మగవాళ్ళు కల్లు దుకాణానికి పోయే వేళకు ఈయన పాట పెట్టుకునేవాడు. అందుకే నాకెప్పుడూ ఆ సామాను మీద కోపం రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత ఒకరోజు, నిజామాబాదులో తనకు తెలిసిన రేడియో మెకానిక్ దగ్గర నుంచి అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా తెచ్చాడు. దాన్ని కన్వర్టర్ అన్నాడు.

"సీడీల పాట ఉండదే, అంకెలుంటయి. గా అంకెలను మల్ల పాట జేసుడు ప్లేయర్ లోపల్నే అయితది గని, మనది సస్తా ప్లేయర్. గీ డబ్బ గదే పని మంచిగ జేస్తది."

ప్లేయర్ నుంచి పాత వైర్లు తీయకుండానే, ఇంకో వైరు డబ్బాకు, డబ్బా నుంచి ఆంప్లిఫయర్‌కు కలిపాడు. ఆంప్లిఫయర్ ముందున్న గుండీని ఇటు తిప్పితే పాత దారి, అటు తిప్పితే కొత్త దారి. నేను అప్పటికి కొన్నేళ్ళ కిందటే, నలభై దాటాక, మధ్యాహ్నం పూట ఆడవాళ్ళ చదువు క్లాసుకు పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఆయన రెండు కాగితం ముక్కల మీద పెద్దగా 'పాతది', 'కొత్తది' అని రాసి గుండీకి అటూ ఇటూ అంటించాడు. "నీ కోసమే, సదువుకో" అన్నాడు. ఆ మాట కూడా ఇక్కడ రాయాలి. రాయకపోతే ఆయన చెడ్డవాడిలా కనిపిస్తాడు.

మొదటి పాటకే నాకు తేడా తెలిసింది. పాడే మనిషి చరణానికి ముందు గాలి పీల్చుకోవడం వినిపించింది. హార్మోనియం తిత్తి మూసుకునే చప్పుడు కూడా వినిపించింది. అదే చెప్పాను. అప్పుడు ఆయనతో పాటు మిల్లు స్నేహితుడొకడు ఉన్నాడు. వాకిట్లో నాతో కూర్చుని బీడీలు చుట్టే ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

"ఇనవడ్తుందట!" అని ఆయన పెద్దగా నవ్వాడు. "గుణింతాలింకా రాలే, అప్పుడే సౌండు సంగతి జెప్తుంది మా పంతులమ్మ."

స్నేహితుడు నవ్వాడు. నేను చాట ఒళ్ళోకి లాక్కుని ఆకు కత్తిరించుకుంటూ కూర్చున్నాను.

బీడీ ఇంట్లో తంబాకు దుమ్ము ఆగదు. నాలుగైదు రోజులకు స్టాండు తుడుస్తుంటే నా చేతిగుడ్డకు తగిలి గుండీ తిరిగింది. నేను గమనించలేదు. సాయంత్రం ఆయన పాట పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నాకు మాత్రం పాట ముసుగేసినట్టు వినిపించింది. చూస్తే గుండీ 'పాతది' వైపు ఉంది.

"సూసినవా," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. "డబ్బ వచ్చినంక ఎంత సాఫ్ అయిందో!"

చెప్పాలనుకుని నోరు తెరిచాను. ఆయన నన్ను పంతులమ్మ అని వెక్కిరించింది గుర్తొచ్చింది. మూసుకున్నాను.

మరునాడు బీడీల దగ్గర ఆ సంగతి చెబితే ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి మరీ నవ్వారు.

"గట్లనే ఉంచు వదినె! ఎన్నొద్దులకు ఎరుకైతదో సూద్దాం," అంది ఒకామె.

"ఎరుకైతదా? ఆయినె డబ్బకు దండం పెట్టుకుంట కూసుంటడు," అంది ఇంకొకామె.

అప్పటి నుంచి అదొక ఆట అయింది. ఆయన డ్యూటీకి పోగానే గుండీ 'కొత్తది' వైపు తిప్పి, బీడీలు చుడుతూ మేము వినేవాళ్ళం. ఆయన సైకిల్ వాకిట్లోకి వచ్చే వేళకు నేను లేచి 'పాతది' వైపు తిప్పేదాన్ని. మంచి పాట నేను వినేదాన్ని, మసక పాట ఆయనకు పెట్టేదాన్ని. 'కొత్తది' మీదే ఉందన్న ధీమాతో ఆయన గుండీ వైపు చూసేవాడే కాదు, రోజూ డబ్బాను మెచ్చుకునేవాడు.

కొన్నాళ్ళకు నాకే నవ్వు రావడం మానేసింది. ఆయన సౌండు పెంచుకుంటూ పోతున్నాడు. వంటింట్లోంచి రెండుసార్లు పిలిస్తే గాని పలకడం లేదు. మిల్లువాళ్ళు చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన రబ్బరు బిరడాలు చొక్కా జేబులో అలాగే ఉండేవి. బట్టలు ఉతికేటప్పుడు తీసి, ఆరాక మళ్ళీ జేబులో వేసేదాన్ని. చెవులు పోతున్నాయని నాకు తెలుసు. చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. ఇవాళ కాదు రేపు అనుకుంటుండగానే మిల్లులో చెరుకాడే సీజన్లు రెండు, అంటే రెండేళ్ళు, గడిచిపోయాయి.

చివరికి మిల్లులో ఎవరో వెనక నుంచి కేకేస్తే వినక, తోటివాడు భుజం పట్టి లాగితే ప్రమాదం నుంచి బయటపడ్డాడట. ఆ వారమే నిజామాబాదు చెవుల డాక్టరు దగ్గరికి పోయాం.

"ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?" అని డాక్టరు అడిగాడు.

"రెండు మూడు నెలలైతుంది సార్," అన్నాడు మా ఆయన.

రెండేళ్ళయిందని తెలిసీ నేను ఆయన మాట దిద్దలేదు.

డాక్టరు గట్టిగా, నెమ్మదిగా చెప్పాడు. పోయింది తిరిగి రాదట. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట. అప్పుడే తెలుసుకుని చెవులకు అడ్డం పెట్టుకుని ఉంటే మిగతాదైనా దక్కేదట.

బస్సులో ఆయన పక్కన కూర్చుని గుండీ సంగతి నోటిలోనే పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక కూడా చెప్పలేకపోయాను. మెల్లగా చెబితే ఆయనకు వినబడదు, గట్టిగా చెబితే వాడకంతా వినబడుతుంది. ఐదారు రోజుల తర్వాత, చదువు క్లాసులో ఇచ్చిన పలక పెట్టె అడుగు నుంచి తీసి రాశాను. 'గుండీ నేనే పాతది మీదికి తిప్పిన. రెండేండ్ల సంది. నీకు తేడా తెలుస్తలేదని నాకు ఎరుకే.'

ఆయన పలక దగ్గరికి పట్టుకుని చదివాడు. ఒకసారి కాదు. తర్వాత తలెత్తి, ఈ మధ్య ఎప్పుడూ మాట్లాడినట్టే పెద్ద గొంతుతో అడిగాడు.

"మీ ఆడోళ్ళంత నవ్విన్రా?"

పక్కింటివాళ్ళకు వినబడే ఉంటుంది. నేను తలూపాను.

"ఎన్నొద్దులు నవ్విన్రు?"



ఆయన లేచి స్టాండు దగ్గరికి పోయి గుండీని 'కొత్తది' వైపు తిప్పాడు. పాట పెట్టలేదు.

"ఇగ దీన్ని ముట్టకు," అన్నాడు. "నాకు ఇనవడకున్నా గదే నడవాలె."

ఆ తర్వాత కూడా రోజూ పాట పెట్టుకునేవాడు. నేను వంటింట్లోంచే వినేదాన్ని. పాడే మనిషి గాలి పీల్చుకోవడం వినబడినప్పుడల్లా పొయ్యి వైపు తిరిగేదాన్ని. స్టాండు తుడిచేటప్పుడు గుడ్డ గుండీ దాకా పోనిచ్చేదాన్ని కాదు. దాని చుట్టూ తంబాకు దుమ్ము గోధుమ రంగు గీతలా పేరుకుపోయింది. కాగితం ముక్కల మీద ఆయన రాసిన అక్షరాలు ఆ దుమ్ములోంచి ఇంకా చదవడానికి వస్తాయి.