మొదటి నొక్కుకు చిన్న వెలుగు

మొన్న సాయంత్రం తార్నాకలో ఒక మొబైల్ రిపేరు కొట్టు ముందు, టార్చిలో వేసే చిన్న స్ప్రింగు కోసం నిలబడ్డాను. లోపల ఎవరో సోల్డరింగ్ చేస్తున్నారు. ఆ పొగ గొంతులో గరగరగా తగలగానే నా వీపు దానంతటదే కాస్త ముందుకు వంగింది. అంత సులువుగా వంగే వీపు కాదు నాది. దాన్ని వంచిన మనిషి సుశీలమ్మ.

విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే వర్క్‌షాపులో ఆవిడ అందరికన్నా పాత టెక్నీషియన్. నేను ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగిగా చేరాను. మా తాత ఒక ఊరికి దొర. నేను పుట్టేనాటికి ఆయన కోటలాంటి గడీ లేదు, భూములు లేవు. మిగిలినవి ఆయన వాడిన నాలుగు సెల్లుల ఇత్తడి టార్చి, మా అందరికీ నేర్పిపోయిన నిటారు నడక. ఎవరూ అడగకపోయినా చేరిన రోజే ఇదంతా చెప్పాను. సుశీలమ్మ కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, "అట్లనా దొరా! మరి గిట్ల నిటారుగ నిలబడితె సోల్డరింగు ఎట్ల అయితది? జర వంగు" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి వర్క్‌షాపులో నా పేరు దొర.

ఆ చలికాలం క్యాంపస్ సెక్యూరిటీ వాళ్లకు కొత్త టాక్టికల్ టార్చిలు వచ్చాయి. పిడికిట్లో ఇమిడే నల్లని లోహపు గొట్టం, వెనుక ఒక బటన్. నొక్కితే కళ్లు బైర్లు కమ్మే తెల్లని వెలుగు. అంతకు తగ్గడం దానికి తెలియదు. హాస్టల్ దారిలో ఆ వెలుగు కళ్లలో పడి ఒక విద్యార్థిని స్కూటీ మీంచి పడిపోయింది, మోచెయ్యి విరిగింది. పన్నెండు టార్చిలకూ వెలుగు తగ్గించి పెంచుకునే ఏర్పాటు చేయమని పని మా దగ్గరికి వచ్చింది. ఇన్‌చార్జి సార్ దాన్ని నాకు అప్పగించి, కుదిరితే నన్ను కొనసాగించమని రాస్తానన్నారు. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకొకటి అని పైకి అనేవాణ్ణి గాని, నాకు ఇంకొకటి లేదు.

మొదట ఒక రెసిస్టర్ పెట్టి చూశాను. వెలుగు తగ్గింది, గొట్టం వేడెక్కింది. "పట్టుకో దొరా, వదలకు. గార్డుల చేతులు గూడ నీ చేతులసొంటివే గద" అని సుశీలమ్మ దాన్ని నా అరచేతిలో పెట్టారు. నిమిషం కూడా పట్టుకోలేకపోయాను. తర్వాత వెలుగును కంటికి తెలియనంత వేగంగా ఆర్పి వెలిగించే చిన్న బోర్డు తయారు చేశాను. ఆరి ఉండే సమయం పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది. ఆవిడ దాని కింద గాజుల చెయ్యి గబగబా ఊపి, "ఏంది, నాకు పది చేతులు కనవడ్తున్నయ్? ఇంకా స్పీడు పెంచు" అన్నారు. పది చేతులు ఒక్క చెయ్యి అయ్యేదాకా వదలలేదు.

బటన్‌ను మెల్లగా తాకిన ప్రతిసారీ వెలుగు ఫుల్, మధ్యస్థం, చిన్నది, ఆ వరసలో మారేట్టు పెట్టాను.

"మొదలు ఫుల్ ఎందుకు పెట్టినవ్?" అని అడిగారు.

"ఉన్న బలం దాచుకోవడం ఎందుకమ్మా?" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని తన పనిలో పడ్డారు.

కిటికీలు మూసి, సెక్యూరిటీ ఆఫీసరు ముందు చూపించాం. నాకెదురుగా ఎల్లయ్య అనే పెద్ద వయసు గార్డు నిలబడ్డాడు. నేను బటన్ నొక్కాను. వెలుగు నేరుగా ఆయన మొహాన పడింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, తల దించి, రెండు చేతులూ కట్టుకున్నాడు. ఒక్క క్షణమే. వెంటనే చేతులు విడదీసి, "ఏం లేదు సార్, చిన్నప్పటి అలవాటు" అని నవ్వాడు.

"చిన్న వెలుగు కావాలన్నా ముందు కళ్లల్ల కొట్టాల్సిందేనా? సోమవారం దాకా చూస్తా, లేకుంటే బయట చేయిస్తా" అని ఆఫీసరు వెళ్లిపోయారు.

నేను బల్ల దగ్గర కూలబడ్డాను. సుశీలమ్మ ఒక చాయ్ నా ముందు పెట్టి కూర్చున్నారు.

"మా ఊరి దొరకు గూడ టార్చి ఉండె. ఎవలు నువ్వని అడిగెటోడు కాదు, మొఖం మీద కొట్టెటోడు. మా నాయిన గూడ ఎల్లయ్య లెక్కనే చేతులు కట్టుకునెటోడు."

మా తాత అలాంటివాడు కాదని అందామనుకున్నాను. కానీ ఆయన టార్చి వెలుగు పడగానే జనం ఎలా ముడుచుకుపోయేవారో మా ఇంట్లో వేడుకగా చెప్పుకునేవారు. అది విని చిన్నప్పుడు నేనూ నవ్వాను.

"నీ మీద నాకేం కోపం లేదు బిడ్డా. ఇప్పుడు అది నీ చేతిల ఉన్నది. వెలుగు మొదలు కాళ్ల కాడ పడాలె. మనిషి ఎవలో తెలిసినంక, అవసరముంటె పెంచుకో."

ఆ వరస తిరగేయడానికి పన్నెండు టార్చిలూ మళ్లీ విప్పాను. రెండు రోజులు వంచిన నడుము ఎత్తలేదు. నేను సోల్డరింగ్ చేస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని సన్నని తీగలు కదలకుండా చిమటాతో పట్టుకున్నారు. సోమవారం ఎల్లయ్య చేతికే టార్చి ఇచ్చాను. నొక్కాడు. పల్చని వెలుగు ఆయన బూట్ల ముందు చిన్న చాపలా పరుచుకుంది. "గిది మంచిగున్నది సార్" అన్నాడు. నా ఉద్యోగం నిలిచింది. సుశీలమ్మ ఆ తర్వాత నన్ను ఎన్నడూ దొరా అని పిలవలేదు.

ఆవిడ రిటైరై నల్లకుంటలో కూతురి దగ్గర ఉండేవారు. పోయిన ఏడాది కన్నుమూశారు. ఆవిడ ఉండగా చేయవలసిన పని ఒకటి మొన్ననే పూర్తి చేశాను. ఎవరినీ తాకనివ్వని తాత టార్చిని విప్పి, కొత్త బల్బు పెట్టి, అదే బోర్డు బిగించాను. స్ప్రింగు ఒక్కటే తక్కువైతే, దాని కోసమే ఆ తార్నాక కొట్టుకు వెళ్లాను.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. దాన్ని తీసుకుని మెట్లు దిగుతుంటే కింద నుంచి ఎవరో వస్తున్న చప్పుడు. బటన్ నొక్కాను. రెండు మెట్ల మేర వెలుగు పడింది, నా చెప్పులు కనిపించాయి, తర్వాత ఆ వచ్చే మనిషి చెప్పులు.

"ఎవరండీ?" అన్నాను.

పై అంతస్తు ఆయన పేరు చెప్పి, కళ్లు మూసుకోకుండా, నా పక్కనుంచి ఎక్కి వెళ్లాడు.