తాళం తీశాక చూడని సాకెట్

పంజాగుట్టలోని ఒక వాహనాల సర్వీసు సెంటర్‌కు నన్ను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా బదిలీ చేసింది రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక జనవరిలో. నా కింద నలుగురు ఎలక్ట్రీషియన్లు ఉండేవారు. బండికి చేసిన పని రాసే జాబ్ కార్డు మీద నా సంతకం పడితేనే అది గేటు దాటేది. ఆ సంతకమంటే నాకు కొంచెం ఎక్కువే గర్వం.

చేరిన వారంలోనే అమీర్‌పేటలోని ఒక ల్యాబ్ వాళ్ల వ్యాను వచ్చింది. ఎస్.ఆర్. నగర్, మధురానగర్ క్లినిక్కుల నుంచి రక్తం శాంపిళ్లు తెచ్చే బండి అది. వాటిని చల్లగా ఉంచే కూలింగ్ బాక్సు కోసం వెనకవైపు ఒక సాకెట్ కావాలి. బ్యాటరీ మాత్రం దిగిపోకూడదని ల్యాబ్ యజమాని గట్టిగా చెప్పారు. పని నేనే దగ్గరుండి చేయించాను. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు లాగి, మధ్యలో రిలే పెట్టించాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, విడదీసే స్విచ్చు. బండి తాళంచెవి తిప్పితే సాకెట్‌కు కరెంటు వస్తుంది, ఆ తాళం తీస్తే ఆగిపోతుంది. వంక పెట్టడానికి లేని పని అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఆ వ్యాను డ్రైవరు యాదగిరి వచ్చాడు. బోరబండ మనిషి, నెమ్మదస్తుడు. అప్పటికి మూడుసార్లు శాంపిళ్లు పాడయ్యాయట.

“సార్, గా సాకెట్ జర చూడుండ్రి. నేను బాక్సు పిన్ను పీకి ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటున్ననని మా సార్ అంటుండు. నౌకరి పోయేటట్టుంది,” అన్నాడు.

తాళం తిప్పి మీటరు పెట్టాను. పన్నెండు వోల్టుల పైనే చూపింది. ఫ్యూజు, రిలే అన్నీ సరిగానే ఉన్నాయి. నా పనినే అనుమానిస్తాడా అని విసుక్కుంటూ, ‘సాకెట్‌లో ఏ లోపమూ లేదు’ అని కార్డు మీద రాసి సంతకం పెట్టాను. ఆ కాగితమే అతని మెడకు చుట్టుకుంది. సాకెట్ బాగుంటే తప్పు డ్రైవరుదేనని యజమాని మర్నాడే అతన్ని పనిలోంచి తీసేశారు.

నాలుగు రోజుల తర్వాత యాదగిరి మళ్లీ వచ్చాడు, ఈసారి బండి లేకుండా. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. పిల్లల మీద ఒట్టేసి, పిన్ను ముట్టలేదన్నాడు. తను బండిలో ఉన్నంతసేపూ బాక్సు లైటు వెలుగుతూనే ఉండేదన్నాడు. కూర్చోబెట్టి, రోజూ ఎక్కడెక్కడ, ఎంతసేపు ఆగుతాడో అడిగాను.

“ఒక్కో క్లినిక్ కాడ అరగంట, ముప్పావుగంట ఆపుత సార్. తాళం జేబుల ఏసుకొనే పైకి పోత. ఆగినప్పుడు బండి ఆన్ ఉంచొద్దని మా సార్ రూలు.”

నాకు తల కొట్టేసినట్టయింది. అతను పైకి వెళ్లినప్పుడల్లా బాక్సు ఆగిపోతోంది. తిరిగొచ్చి తాళం తిప్పగానే లైటు వెలుగుతోంది. చలికాలంలో ఆ తేడా బయటపడలేదు, ఎండలు ముదిరాక శాంపిళ్లు చెడ్డాయి. నేనేమో సాకెట్‌ను ఎప్పుడు పరీక్షించినా తాళం తిప్పే పరీక్షించాను.

వెంటనే ల్యాబ్‌కు వెళ్లాను. యజమాని ముందే సాకెట్‌కు టెస్ట్ ల్యాంపు పెట్టి, తాళం తీశాను. దీపం ఆరిపోయింది.

“అయితే తప్పు మీదా సూపర్‌వైజర్ గారూ?” అన్నారాయన.

అవునండి అన్నాను. అదే మాట రాసి సంతకం చేసి ఇచ్చాను. తర్వాత ఆ సాకెట్‌ను నేరుగా బ్యాటరీకి కలిపి, బ్యాటరీ ఒక హద్దు దాటి దిగితే దానంతటదే కరెంటు ఆపే పరికరం అమర్చాం. మా సెంటర్ నాకొక మెమో ఇచ్చింది. అది న్యాయమే.

యాదగిరిని మాత్రం మళ్లీ తీసుకోలేదు. కొత్త డ్రైవరు అప్పటికే చేరాడు. ఇప్పుడు అతన్నెలా పొమ్మంటానని అన్నారు యజమాని.

నేను రాసిన కాగితం నకలు యాదగిరికి ఇచ్చాను. రెండుసార్లు చదువుకున్నాడు.

“ఇంట్ల సుత నమ్మలే సార్. ఇది సూపిస్త,” అన్నాడు.

సాకెట్‌లో కరెంటు ఉందో లేదో మీటరు చెబుతుంది. బండిని రోజూ ఎలా వాడతారో డ్రైవరు చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్న నేను జనవరిలోనే అడిగి ఉంటే యాదగిరి ఉద్యోగం పోయేది కాదు.