పదికి పది మార్కుల గోదాం

"వాళ్ళివ్వకపోతే నువ్విస్తావా, బామ్మర్దీ?"

నలభై ఒక్క మంది కాఫీ రైతుల ముందు బావ అలా అడిగేశాడు. అడిగింది కాటా బాబాయిని. కాఫీ కొనే షావుకారు కొట్లో ఇరవై రెండేళ్ళు తూకం వేసి, ఒక్కసారి కూడా కాటా మీద వేలు ఆనించని మనిషి కాబట్టి ఆయనకా పేరు. "ఆ వేలు ఆనించనందుకే మనకింకా అద్దె కొంప" అనేది ఆయన పెళ్ళాం. అందులో అబద్ధమేమీ లేదు.

న్యాయమైన ధర ఇస్తామంటూ వచ్చిన కంపెనీకి సరిగ్గా అలాంటి మొహమే కావాలి. ఆయన్ని కొనుగోలు మేనేజరు చేసి మోటారు సైకిలిచ్చారు. రైతుల్ని ఇకనుంచి భాగస్వాములు అనాలన్నారు. లాభంలో భాగం ఎంతో ఒప్పందంలో ఎక్కడా లేదు గానీ, సరుకు తిరగ్గొడితే నష్టం ఎవరిదో మాత్రం ఆరో పేజీలో ఉంది. ఆరో పేజీ దాకా ఎవరు చదువుతారు?

షరతు ఒక్కటే. కొమ్మంతా ఒకేసారి దూసెయ్యకూడదు, ఎర్రగా పండిన పండే కొయ్యాలి. అంటే ఒక్కో మొక్క దగ్గరికి మూడుసార్లు వెళ్ళాలి, మూడుసార్లు కూలి ఇచ్చుకోవాలి. అందుకు బదులు కిలోకి నలభై రూపాయలు అదనం. బావ అడిగింది ఆ నలభై గురించే.

"ఇస్తాను బావా. రాసుకో" అన్నాడు కాటా బాబాయి. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

ఆరు టన్నుల గింజలు తయారయ్యాయి. బస్తాలన్నీ రైతుల గోదాంలో చేరాక, తనిఖీకి కంపెనీ మనుషులొస్తున్నారని కబురొచ్చింది. పరిశుభ్రతకి పది మార్కులట.

"అక్కా, నేల అద్దంలా ఉండాలి. నా పరువు నీ చేతుల్లో ఉంది" అన్నాడు కాటా బాబాయి, బావ పెళ్ళాంతో.

తమ్ముడి పరువంటే అక్కకి మాటలా? నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని, సొంత డబ్బుతో ఆరు సీసాల ఫినాయిల్ కొని, నీళ్ళు కలిపితే పలచనవుతుందని అలాగే గుమ్మరించి తుడిచింది. తలుపులు బిగించేసింది. తనిఖీకొచ్చినాయన పదికి పది వేసి, అక్కతో ఫొటో కూడా దిగి వెళ్ళాడు. ఆ నేల మీద బస్తాలు మూడు వారాలున్నాయి.

కంపెనీ ఆఫీసులో రుచి చూసే ఆవిడ చెంచాతో జుర్రున పీల్చి, డబ్బాలో ఉమ్మేసింది.

"దీన్ని ఆస్పత్రిలో కాచారా ఏంటండీ?" అని ఇంకో చెంచా కాటా బాబాయి చేతికిచ్చింది.

ఇన్నేళ్ళూ కాఫీ తూచాడే గానీ, తమవాళ్ళ గింజల రుచి చూడటం ఆయనకిదే మొదలు. నాలిక మీద పడగానే అక్క తుడిచిన నేల గుర్తొచ్చింది.

"ఆ గోదాంకి పదికి పది మీరే వేశారు కదమ్మా?"

"అది వేరే విభాగమండీ."

సరుకు తిరగ్గొట్టారు. నెల తిరక్కుండా ఆయన ఉద్యోగమూ తీసేశారు, మోటారు సైకిలూ పట్టుకుపోయారు. షావుకారు మాత్రం పాత ధరకే కొన్నాడు. "మాడ్చేసి చికోరీ కలిపితే ఏ వాసనా తెలీదు లేవయ్యా" అన్నాడు. బదులుగా కాటా బాబాయి మళ్ళీ కొట్లో చేరాలి. సగం జీతానికి.

రైతులు గోదాం ముందు చేరారు. ఏం జరిగిందో చెప్పమన్నారు. అక్క లేవబోయింది.

"నువ్వు కూర్చో అక్కా" అన్నాడాయన. "కడగమన్నది నేను. ఎలా కడగాలో చెప్పనిదీ నేనే."

"అయితే నలభై ఇస్తావన్నమాట" అన్నాడు బావ.

"ఏమండీ! వాడి దగ్గర ఏముందని అడుగుతున్నారు?" అంది అక్క.

"నేనడగట్లేదే. వాడన్న మాట వాడికి గుర్తు చేస్తున్నా."

"ఇస్తాను బావా" అన్నాడు కాటా బాబాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొందరు తల దించుకున్నారు గానీ, వద్దని మాత్రం ఒక్కరూ అనలేదు. మూడు కోతల కూలి అప్పు ప్రతి ఇంటి మీదా ఉంది మరి.

కంపెనీ కాఫీ పొట్లాల మీద అక్క ఫొటో ఇప్పటికీ వస్తోంది, కింద 'మా భాగస్వామి' అని. లోపలున్నది ఎవరి గింజలో తెలీదు.

కాటా బాబాయికి యాభై ఎనిమిదేళ్ళు. నెలకి పదహారు వందల చొప్పున ఆరు నెలలుగా కడుతున్నాడు. ఇంకా రెండు లక్షల ముప్ఫై వేల నాలుగు వందలు కట్టాలి.