అనంతగిరి షెల్టర్లో సంచి

అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే నా పాత బైకు టపటపా పేలి ఆగిపోయింది. కొత్త ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు వేయించి వారమైనా కాలేదు. పక్కనే ఉన్న బస్ షెల్టర్లో హుకుంపేట బస్సు కోసం కూర్చున్న నడివయసు మనిషి లేచి వచ్చి, బండి చుట్టూ తిరిగాడు. అడగకుండానే ఎందుకొచ్చాడో తెలియక, తాళం గుప్పిట్లో దాచుకున్నాను.

“గాలెక్కువైపోనాది, పెట్రోలు సాల్డం లేదు. కార్బొరేటరు సెట్ సెయ్యలేదేటమ్మా?”

నా స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని కార్బొరేటరు స్క్రూ కొంచెం తిప్పాడు. ఫిల్టరును సగం దాకా ప్లాస్టిక్ కవరుతో కప్పి కట్టాడు.

“ఓ రౌండేసి సూత్తాను, తాళమియ్యి.”

“నేనే చూస్తాను,” అన్నాను గబుక్కున.

బండి తడబడకుండా పైమలుపు దాకా లాగింది. వెనక్కి తిప్పాక గుర్తొచ్చింది, బండి ఆగినప్పుడు షెల్టర్లో బెంచీ మీద పెట్టిన నా సంచి అక్కడే ఉండిపోయింది. అంతలో బస్సు ఎదురొచ్చి నన్ను దాటిపోయింది. ఆయనా, సంచీ అందులోనే పోయారనుకున్నాను.

తీరా షెల్టరు చేరితే, సంచి బెంచీ మీదే ఉంది. ఆయన మాత్రం రోడ్డుకు అవతల, దానికి వీలైనంత దూరంగా నిలబడ్డాడు.

“బస్సెక్కలేదేం?”

“ఎలాగెక్కుతాను? సంచి వొగ్గేసి తుర్రుమన్నావు. గంజాయేమోనని బయమేసింది. ఇక్కడున్నోడిని నానొక్కడినే. బస్సెక్కిపోతే, నానే వొగ్గేసి పారిపోనానంటారు పోలీసోళ్లు.”

జిప్పు తీసి చూపించాను. స్వెట్టరు, నీళ్ల సీసా, పులిహోర డబ్బా. ఆయన దగ్గరకు రాకుండానే మెడ సాచి చూశాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు.

బస్సును అందుకుందాం, ఎక్కమన్నాను. సంచి వంకే చూస్తూ ఎక్కాడు.

“సంచి మాత్రం నీ ముందరెట్టుకో,” అన్నాడు.